డొన్నరుమ్మ, అతని ఏజెంటు, మిలాన్ అభిమానుల ఆరని కోపం

గత సంచికలో ఇటలీ గోల్‌కీపర్ జాన్‌లుయీజి డొన్నరుమ్మ గురించి రాస్తూ, అతన్ని పెంచి పెద్దచేసిన ఏసీ మిలాన్ క్లబ్ అభిమానులు ఇప్పటికీ అతని పేరు వింటే మండిపడతారనీ, ఆ కోపంలో సగం వాటా అతని ఏజెంటు మీనో రయోలాదనీ ఒక్క వాక్యం రాశాను. వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఆ వాక్యం మీదే ఉన్నాయి. కొందరు అభిమానులను తప్పుబట్టారు, కొందరు ఆటగాడిని, ఎక్కువమంది ఏజెంటును. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఆ ప్రశ్నలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: ఫుట్‌బాల్ చూస్తానే గానీ క్లబ్బుల లోగుట్టు నాకు అంతగా తెలియదు. ఉద్యోగి ఎవరైనా మెరుగైన జీతం కోసం సంస్థ మారితే అతన్ని ద్రోహి అనరు కదా. ఆటగాడు అదే పని చేస్తే ఇన్నేళ్లు కక్ష పెంచుకోవడం ఎందుకు? ఇంతకీ డొన్నరుమ్మ చేసిన నేరం ఏమిటి?

జవాబు: నేరం ఏమీ లేదు. ఒప్పందం ఉన్నంతకాలం ఆడాడు, గడువు తీరాక వెళ్లాడు. చట్టం దృష్టిలో వంక పెట్టడానికి వీల్లేని నిష్క్రమణ అది. అయినా మిలాన్ అభిమాని మనసు ఎందుకు విరిగిందో తెలియాలంటే, ఆ కుర్రాడు ఎలాంటి రోజుల్లో ఆ క్లబ్‌కు దొరికాడో చూడాలి.

నేపుల్స్ సమీపంలోని కాస్తెల్లమ్మారె ది స్తాబియాలో 1999లో పుట్టిన డొన్నరుమ్మ 2013లో మిలాన్ యువ జట్లలో చేరాడు. 2015 అక్టోబర్ 25న సస్సువోలోతో జరిగిన మ్యాచ్‌లో కోచ్ సినిశా మిహైలోవిచ్ అనుభవజ్ఞుడైన డియేగో లోపెస్‌ను పక్కనబెట్టి, పదహారేళ్ల ఎనిమిది నెలల వయసున్న ఈ పిల్లవాడిని గోల్ ముందు నిలబెట్టాడు. అప్పటికి మిలాన్ దశ బాగాలేదు. ఏడుసార్లు యూరప్ విజేతగా నిలిచిన క్లబ్ యూరప్ అగ్ర క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్‌కు అర్హత సాధించడానికే ఆపసోపాలు పడుతోంది, పేరున్న ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ‘మాది’ అని గర్వంగా చెప్పుకోవడానికి అభిమానులకు మిగిలింది ఆ కుర్రాడే. 2016 డిసెంబర్‌లో దోహాలో జరిగిన ఇటలీ సూపర్ కప్ పెనాల్టీ షూటౌట్‌లో యువెంటస్ ఆటగాడు డిబాలా కొట్టిన బంతిని అతను ఆపాడు, కప్పు మిలాన్ చేతికి వచ్చింది. 2017 మార్చిలో టూరిన్‌లో అదే యువెంటస్ చేతిలో, ఆట ముగిసే వేళ పడిన పెనాల్టీతో ఓడిపోయినప్పుడు, ప్రత్యర్థి అభిమానుల కళ్లెదుటే చొక్కా మీది మిలాన్ చిహ్నాన్ని ముద్దు పెట్టుకున్నాడు. ఆ ముద్దును మిలాన్ అభిమానులు మాట ఇచ్చినట్టుగానే తీసుకున్నారు.

మూడు నెలలు తిరిగేసరికి, జూన్ 15న, ఒప్పందం పొడిగింపునకు అతను ఒప్పుకోవడం లేదని క్లబ్ సీఈఓ మార్కో ఫస్సోనె ప్రకటించాడు. ఆ తర్వాత మూడో రోజున పోలండ్‌లోని క్రాకోవ్‌లో, అండర్-21 యూరోపియన్ పోటీలో డెన్మార్క్‌తో ఆడుతున్న డొన్నరుమ్మ మీదకు గోల్ వెనక గ్యాలరీ నుంచి నకిలీ డాలర్ నోట్లు వచ్చిపడ్డాయి. ‘డాలరుమ్మ’ అని రాసిన బ్యానర్ కూడా వెలిసింది. అప్పటికి అతని వయసు 18. నెల గడవకముందే మనసు మార్చుకుని 2021 వరకు సంతకం చేశాడు. ఏడాదికి పన్నులు పోను 60 లక్షల యూరోలని పత్రికలు రాశాయి. గోల్‌కీపరే అయిన అన్న ఆంతోనియోను కూడా క్లబ్ తీసుకుంది. వ్యవహారం సర్దుకుందని అందరూ అనుకుంటున్న సమయంలో, ఆ సంతకం మానసిక ఒత్తిడి మీద చేయించుకున్నారన్న వాదన అతని తరఫున తయారవుతోందంటూ ఆ డిసెంబర్‌లో వార్తలు గుప్పుమన్నాయి. తాను అలా ఎన్నడూ అనలేదని డొన్నరుమ్మ చెప్పుకున్నాడు. కానీ ఆ వారమే మిలాన్ సొంత స్టేడియమైన సాన్ సీరోలో వెరోనాతో మ్యాచ్‌కు ముందు, వీరాభిమానులు కూర్చునే దక్షిణ గ్యాలరీ అతని మీద, అతని అన్న మీద కటువైన మాటలతో పెద్ద బ్యానర్ విప్పింది. సన్నాహక అభ్యాసానికి వచ్చిన కుర్రాడు అది చూసి కన్నీళ్లు పెట్టుకున్నాడు.

ఇక 2021. మిలాన్ ఏడేళ్ల విరామం తర్వాత మళ్లీ ఛాంపియన్స్ లీగ్‌కు అర్హత సంపాదించింది. అందులో డొన్నరుమ్మ పాత్ర తక్కువేమీ కాదు. కష్టకాలమంతా కలిసి గడిపి, మంచిరోజులు గుమ్మంలోకి వచ్చిన వేళ, ఆటగాడిని తీసుకునే క్లబ్ పాత క్లబ్‌కు చెల్లించే బదిలీ రుసుము ఒక్క యూరో కూడా మిలాన్‌కు దక్కకుండా పారిస్ సేంట్ జెర్మేన్‌కు వెళ్లిపోయాడు. మీరు పోల్చిన ఉద్యోగికీ ఇతనికీ తేడా ఇక్కడే ఉంది. ఉద్యోగి రాజీనామా చేస్తే సంస్థకు ఇబ్బంది, అంతే. అతని పేరున్న చొక్కా తొడుక్కుని తిరిగినవాళ్లు, అతన్ని చూపించి తమ పిల్లలకు ఆ జట్టు మీద ప్రేమ నేర్పినవాళ్లు ఆ సంస్థకు ఉండరు.

కోపానికి కారణం ఆటలో వచ్చిన నష్టమేనని చాలామంది అనుకుంటారు. జరిగినదాన్ని బట్టి చూస్తే అది నిలవదు. అతని స్థానంలో మిలాన్ లీల్ క్లబ్ నుంచి మైక్ మెన్యాన్‌ను తెచ్చుకుంది. మరుసటి ఏడాదే, 2022 మే 22న, డొన్నరుమ్మ తొలి మ్యాచ్ ఆడిన ప్రత్యర్థి అయిన సస్సువోలోనే 3-0తో ఓడించి, 11 ఏళ్ల తర్వాత ఇటలీ లీగ్‌ను గెలుచుకుంది. ఆ సీజన్‌లో లీగ్ ఉత్తమ గోల్‌కీపర్ పురస్కారం మెన్యాన్‌దే. అంటే అభిమానులకు ఆటలో లోటేమీ జరగలేదు. అయినా 2023 నవంబర్ 7న డొన్నరుమ్మ పారిస్ జట్టుతో సాన్ సీరోకు వచ్చినప్పుడు, బంతి అతని దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ స్టేడియం ఈలలతో దద్దరిల్లింది, గోల్ ముందు గడ్డి మీద అతని బొమ్మ అచ్చేసిన నకిలీ నోట్లు పరుచుకున్నాయి. ఆ రాత్రి మిలాన్ 2-1తో గెలిచింది కూడా. గెలుపు కూడా ఆర్పలేకపోయిన కోపానికి మూలం ఆటలో ఉండదు.

ప్రశ్న: రయోలా తనను నమ్ముకున్న ఆటగాడికి మంచి ధర రాబట్టాడు. అది అతని వృత్తి. ఆటగాడిని తిట్టడానికి మనసొప్పక అభిమానులు మధ్యవర్తిని తిడుతున్నారేమో అనిపిస్తుంది. అతను నిజంగా తప్పు చేశాడంటారా?

జవాబు: మీ అనుమానంలో చాలా నిజం ఉంది. 2010లో బార్సిలోనా నుంచి స్వీడన్ ఆటగాడు ఇబ్రహిమోవిచ్‌ను మిలాన్‌కు చేర్చిన ఏజెంటు ఈ రయోలాయే. ఆ సీజన్‌లో మిలాన్ లీగ్ గెలిచింది. 2020 జనవరిలో 38 ఏళ్ల ఇబ్రహిమోవిచ్ మళ్లీ వచ్చి కుర్రాళ్ల జట్టుకు వెన్నెముకగా నిలిచినప్పుడు కూడా ఏజెంటు అతనే. ఆ రెండు సందర్భాల్లోనూ రయోలా దురాశ గురించి గ్యాలరీలో ఎవరూ మాట్లాడలేదు. ఆటగాడిని తెచ్చినప్పుడు కనిపించని కమీషను, తీసుకుపోయినప్పుడు మాత్రం కంట్లో నలుసయింది.

2017లో అతను సంతకానికి తొందరపడకపోవడం వెనక ఉన్న కారణాన్ని కూడా అభిమానులు సౌకర్యంగా మరచిపోయారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో యజమాని బెర్లుస్కోనీ మిలాన్‌ను చైనా వ్యాపారి లీ యోంగ్‌హోంగ్‌కు, క్లబ్ విలువను 74 కోట్ల యూరోలుగా కట్టి, అమ్మేశాడు. అంత సొమ్ము ఎక్కడి నుంచి వచ్చిందో స్పష్టంగా తెలియదు, అందులో పెద్ద మొత్తం అమెరికా పెట్టుబడి సంస్థ ఎలియట్ దగ్గర తెచ్చిన అప్పు. అలాంటి యాజమాన్యం కింద 18 ఏళ్ల పిల్లవాడిని నాలుగేళ్లకు కట్టిపడేయడానికి జంకడం బాధ్యతగల ఏజెంటు చేయాల్సిన పనే. జరిగింది కూడా అదే. 2018 జులైలో అప్పు తీర్చలేక లీ క్లబ్‌ను ఎలియట్‌కు వదులుకున్నాడు. ఖర్చుల నిబంధనలు ఉల్లంఘించినందుకు 2019-20 సీజన్‌లో మిలాన్ యూరప్ రెండో స్థాయి పోటీ అయిన యూరోపా లీగ్‌లో ఆడే అవకాశం పోగొట్టుకుంది. రయోలా సందేహాలు వట్టి బేరసారాల ఎత్తుగడ కాదని ఆ రెండు సంఘటనలూ రుజువు చేశాయి.

అయితే అతన్ని పూర్తిగా వెనకేసుకు రాలేను. నా అభ్యంతరం కమీషను గురించి కాదు. క్లబ్ క్రీడా డైరెక్టర్ మిరబెల్లితో అతను వీధిన పడి తగవులాడాడు. డబ్బు కారణం కాదని, క్లబ్‌లో వాతావరణం, బెదిరింపులు కారణమని విలేకరులను పిలిచి చెప్పాడు. ఆ మాటల్లో నిజం ఉండవచ్చు. కానీ అవన్నీ ఆటగాడి నోటి నుంచి రావలసిన మాటలు. ముద్దు పెట్టింది కుర్రాడు, వీడ్కోలు లెక్కలు చెప్పింది మాత్రం మరొకరు. తన ప్రేమను తానే చాటుకున్న మనిషి, దూరం కావలసి వచ్చినప్పుడు మరొకరి వెనక నిలబడితే, అవతలివాళ్లు మొదటి దాన్ని కూడా నమ్మడం మానేస్తారు. మిలాన్ అభిమానుల విషయంలో జరిగింది ఇదే. ఏజెంటు ఆటగాడి జేబుకు కాపలా కాశాడు, పేరుకు కాయలేదు. పాతికేళ్లకు పైగా ఆ రంగంలో ఉన్నవాడు, నెద్వెద్ మొదలు పోగ్బా దాకా ఎందరి వ్యవహారాలో నడిపినవాడు, ఆ రెండోది కూడా తన పనిలో భాగమేనని గ్రహించవలసింది.

రయోలా 2022 ఏప్రిల్ 30న మరణించాడు. ఆ తర్వాత ఏడాదిన్నరకు సాన్ సీరోలో కురిసిన నోట్ల సంగతి పైన చెప్పాను. బతికున్నంతకాలం కోపంలో సగం అతను మోశాడు. అతను పోయాక ఆ సగమూ ఆటగాడి మీదే పడింది.

ప్రశ్న: అంత పేరున్న గోల్‌కీపర్ ఒక్క యూరో కూడా రాకుండా చేజారిపోతుంటే క్లబ్ చేతులు కట్టుకుని ఎలా కూర్చుంది? ఇలా వెళ్లడానికి నియమాలు ఒప్పుకుంటాయా?

జవాబు: ఒప్పుకుంటాయి. బెల్జియం ఆటగాడు జాన్-మార్క్ బోస్మన్ వేసిన కేసులో 1995 డిసెంబర్ 15న యూరోపియన్ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు దీనికి ఆధారం. అంతకుముందు ఒప్పందం ముగిసిన ఆటగాడిని కూడా పాత క్లబ్ రుసుము అడిగి ఆపగలిగేది. బోస్మన్‌కు జరిగింది అదే. లియేజ్ క్లబ్ అతని జీతం బాగా కోసేసింది, ఫ్రాన్స్‌లోని డంకెర్క్ క్లబ్‌కు వెళ్లబోతే అడ్డుపడింది. తీర్పు తర్వాత, గడువు తీరిన ఆటగాడు యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య స్వేచ్ఛగా వెళ్లవచ్చు. చివరి ఆరు నెలల్లో ఇతర క్లబ్బులతో మాట్లాడుకోవచ్చు కూడా.

దీనివల్ల బేరంలో బలం ఆటగాడి వైపు మొగ్గింది. కొనే క్లబ్‌కు బదిలీ రుసుము మిగులుతుంది గనుక ఆ సొమ్ములో కొంత ఆటగాడి జీతంగా, కొంత సంతకం బహుమతిగా, కొంత ఏజెంటు కమీషనుగా మారుతుంది. గడువు తీరేదాకా ఆగడం ఆటగాడికీ ఏజెంటుకూ లాభం, పాత క్లబ్‌కు నష్టం. ఆటగాడిని పన్నెండేళ్ల వయసు నుంచి తీర్చిదిద్దిన క్లబ్బులకు బదిలీ రుసుములో ఐదు శాతం పంచాలని ఫిఫా నియమం ఉంది. రుసుమే లేనప్పుడు ఆ వాటా కూడా రాదు.

మిలాన్ చేతులు కట్టుకుని కూర్చుందనడం మాత్రం సరికాదు. గడువుకు ఏడాది ముందే అమ్మే అవకాశం ఉన్నా, ఒప్పందం కుదురుతుందన్న ఆశతో ఆ అవకాశాన్ని వదులుకుంది. 2021లో క్లబ్ తరఫున మాట్లాడిన ఒకప్పటి మిలాన్ ఆటగాడు పాలో మాల్దీని ఒక హద్దు గీసుకుని, దాన్ని దాటి పైసా పెంచలేదు. మే నెలాఖరుకల్లా మెన్యాన్‌తో సంతకం చేయించి తలుపు మూసేశాడు. ఆ నిబ్బరాన్ని నేను మెచ్చుకుంటాను. అదే వేసవిలో మరో మిలాన్ ఆటగాడు చల్హనోగ్లు కూడా గడువు తీరగానే రుసుము లేకుండా పొరుగు ప్రత్యర్థి ఇంటర్‌కు వెళ్లిపోయాడు. ఆ కోపం వేరే కథ.

ప్రశ్న: రాబర్టో బాజియో ఫియొరెంటీనా వదిలి బద్ధశత్రువు యువెంటస్‌కు వెళ్లాడు. అయినా ఫ్లోరెన్స్ నగరం అతన్ని ద్వేషించలేదు. ఒకరికి క్షమ, మరొకరికి శిక్ష ఎందుకు?

జవాబు: చాలా మంచి ప్రశ్న, ఈ వ్యవహారంలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించే అంశం కూడా ఇదే. 1990లో ఆ బదిలీ వార్త బయటపడగానే ఫ్లోరెన్స్ వీధుల్లో అల్లర్లు జరిగాయి, పోలీసులకూ అభిమానులకూ మధ్య ఘర్షణల్లో పలువురు గాయపడ్డారు. కానీ ఆ కోపమంతా యజమానులైన పొంతెల్లో కుటుంబం మీదకు పోయింది. బాజియో తనంతట తాను వెళ్లలేదు, అమ్మేశారు అన్నది అందరికీ తెలిసిన సంగతి. కొంతకాలానికి ఆ కుటుంబం క్లబ్‌ను కూడా అమ్ముకుంది.

ఆ తర్వాత 1991 ఏప్రిల్ 6న బాజియో యువెంటస్ చొక్కాతో ఫ్లోరెన్స్‌లో ఆడాడు. యువెంటస్ ఒక గోల్ వెనకబడి ఉండగా పెనాల్టీ దొరికింది. జట్టులో పెనాల్టీలు కొట్టవలసినవాడు అతనే, కానీ ముందుకు రాలేదు. తన అలవాట్లన్నీ గోల్‌కీపర్ మరెజ్జినికి తెలుసునని కారణం చెప్పాడు. బదులుగా కొట్టిన దె అగొస్తీని బంతిని మరెజ్జిని ఆపేశాడు. కొంతసేపటికి కోచ్ బాజియోను వెనక్కి పిలిచాడు. మైదానం వదిలి నడుస్తుండగా గ్యాలరీ నుంచి ఒక ఊదారంగు ఫియొరెంటీనా కండువా వచ్చి పడింది. అతను వంగి దాన్ని తీసుకుని వెళ్లిపోయాడు. మ్యాచ్ ఫియొరెంటీనా 1-0తో గెలిచింది. యువెంటస్ అభిమానులకు అది మింగుడుపడలేదు, నిజమే, కానీ ఫ్లోరెన్స్‌తో బాజియో లెక్క ఆ ఒక్క క్షణంలో సరిపోయింది. అతను సంజాయిషీ ఇవ్వలేదు, ఎవరి చేతా చెప్పించలేదు. ఎవరో విసిరిన కండువాను సొంత చేతులతో ఎత్తుకున్నాడు, అంతే. డొన్నరుమ్మ నుంచి మిలాన్ అభిమానులకు అలాంటి సైగ ఒక్కటి కూడా అందలేదు.

అయితే అభిమానుల న్యాయం ఎప్పుడూ సరిగ్గానే ఉంటుందని దీన్నిబట్టి అనుకోకూడదు. మాల్దీని సంగతే చూడండి. 25 సీజన్లు, 902 మ్యాచ్‌లు ఒకే క్లబ్‌కు ఆడిన మనిషి, ఏ డబ్బుకూ లొంగనివాడు. 2009 మే 24న సాన్ సీరోలో ఆఖరి మ్యాచ్ ముగించి మైదానం చుట్టూ వీడ్కోలు నడక నడుస్తుంటే, అదే దక్షిణ గ్యాలరీలో ఒక వర్గం అతన్ని ఈలలతో గేలిచేసి, ‘కెప్టెన్ ఒక్కడే’ అంటూ పాత కెప్టెన్ బరేసి పేరు ఎత్తుకుంది. 2005లో ఇస్తాంబుల్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఓటమి నాటి నుంచి ఆ వర్గానికీ అతనికీ ఉన్న మాటపట్టింపు దానికి కారణం. వారం తర్వాత అతను జీవితంలో చివరి మ్యాచ్‌ను ఫ్లోరెన్స్‌లో ఆడితే, ప్రత్యర్థి అభిమానులే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కాబట్టి, క్లబ్ పట్ల విధేయత లేకపోవడం మీదే కోపం అని ఆ గ్యాలరీ చెప్పినప్పుడల్లా నాకు మాల్దీని గుర్తొస్తాడు. అక్కడ కొందరికి కావలసింది విధేయత ఒక్కటే కాదు, తమ పెత్తనాన్ని ఒప్పుకోవడం కూడా.

ప్రశ్న: ఏజెంట్లు ఉన్నట్టే కోచ్‌లూ ఉంటారు కదా. ఒకే జట్టు అభిమానులు ఆటగాడినీ, అతని కోచ్‌నూ కలిపి ద్వేషించిన సందర్భం ఉందా?

జవాబు: నేపుల్స్‌లో ఉంది. 2015-16లో నాపోలీ తరఫున ఇటలీ లీగ్‌లో 36 గోల్స్ చేసి రికార్డు సృష్టించిన గొంజాలో ఇగ్వాయిన్‌ను, ఆ వేసవిలోనే యువెంటస్ ఒప్పందంలో రాసుకున్న 9 కోట్ల యూరోల విడుదల మొత్తాన్ని చెల్లించి తీసుకుపోయింది. అతనికి ఏజెంటు సొంత అన్న నికొలాస్. అప్పటి నాపోలీ కోచ్ మౌరిత్సియో సర్రి నేపుల్స్‌లోనే పుట్టినవాడు. 2017-18లో ఆ జట్టును 91 పాయింట్ల దాకా నడిపించి, యువెంటస్ ఏకచ్ఛత్రాధిపత్యాన్ని ఎదిరించే మనిషిగా నగరం గుండెల్లో నిలిచాడు. ఏడాదిపాటు చెల్సీలో పనిచేసి, 2019లో అతను కూడా యువెంటస్‌కే వెళ్లాడు. అక్కడ ఇగ్వాయిన్ మళ్లీ అతని జట్టులో ఆడాడు. 2020 జనవరిలో సర్రి ప్రత్యర్థి కోచ్‌గా నేపుల్స్‌కు తిరిగివచ్చినప్పుడు ఈలలతోనే స్వాగతం దక్కింది. నాపోలీ 2-1తో గెలిచింది. ఆటగాడు వెళితే గోల్స్ పోయాయని బాధపడ్డారు, కోచ్ వెళితే తమ పోరాటానికి అర్థమే పోయిందని బాధపడ్డారు. నాకు రెండో బాధే పెద్దదనిపిస్తుంది.

ప్రశ్న: ఏజెంట్ల కమీషన్లకు కళ్లెం వేసే నియమాలు లేవా?

జవాబు: ఫిఫా ప్రయత్నించింది. లైసెన్సు పరీక్షను మళ్లీ తెచ్చింది. ఆటగాడి తరఫున పనిచేసే ఏజెంటుకు ఏటా 2 లక్షల డాలర్లు దాటిన జీతంలో మూడు శాతం, అంతకు లోపు ఐదు శాతం మాత్రమే దక్కాలని, అమ్మే క్లబ్ తరఫున పనిచేస్తే బదిలీ రుసుములో పది శాతం మించకూడదని 2023 అక్టోబర్ నుంచి అమలు చేయబోయింది. ఏజెంట్లు కోర్టులకెక్కారు. జర్మనీ కోర్టు ఉత్తర్వు తర్వాత 2023 డిసెంబర్ 30న ఫిఫా ఆ పరిమితులను ప్రపంచమంతటా నిలిపివేసింది. పరిమితి వచ్చినా అభిమానుల కోపం తగ్గుతుందని మాత్రం అనుకోను. డొన్నరుమ్మ విషయంలో ఎవరికీ కమీషను శాతం గుర్తులేదు.

ప్రశ్న: ఒక తల్లిగా అడుగుతున్నాను. పద్ధెనిమిదేళ్ల పిల్లవాడి మీద నోట్లు విసరడం, ఏడిపించడం, చివరికి అతని అన్నను కూడా తిట్టడం అభిమానం ఎలా అవుతుందండీ? మీరు వాళ్లను సమర్థిస్తున్నట్టు కనిపిస్తోంది.

జవాబు: అమ్మా, వాళ్ల బాధను అర్థం చేసుకోగలను గానీ, ఆ పనిని సమర్థించలేను. ఈల వేయడం స్టేడియంలో టికెట్ కొన్న ప్రతివాడికీ ఉన్న హక్కు. 2023 అక్టోబర్‌లో తమ పాత ఆటగాడు లుకాకు రోమా జట్టుతో వచ్చినప్పుడు ఇంటర్ అభిమానులు వేల సంఖ్యలో ఈలలు పంచాలనుకుంటే అధికారులు వాటిని నిషేధించారు. అభిమానులు నోటితోనే ఈల వేశారు. అందులో నాకు తప్పేమీ కనిపించదు, ఆటగాడికి అది వినబడాలి కూడా.

క్రాకోవ్‌లో జరిగినది వేరు. ఆ రోజు అతను దేశం తరఫున ఆడుతున్నాడు. చుట్టూ తన ఈడు పిల్లలే ఉన్నారు. ఒప్పందం మీద ఇంకా మాటలు నడుస్తున్నాయి, నిర్ణయమేదీ ఖాయం కాలేదు. ఆ స్థితిలో ఉన్నవాడిని అవమానించడమంటే బేరంలో దెబ్బతీయడమే. డిసెంబర్‌లో అతని అన్నను బ్యానర్‌కు ఎక్కించడం మరీ నీచం, అన్న ఎవరి గోల్‌నూ వదిలిపెట్టి పోలేదు. 2021 అక్టోబర్ 6న సాన్ సీరోలో స్పెయిన్‌తో నేషన్స్ లీగ్ సెమీఫైనల్ ఆడుతుంటే, ఇటలీ చొక్కాలో ఉన్న అతన్ని ఇటలీ అభిమానుల్లోనే కొందరు మొదటి నిమిషం నుంచి ఈలలతో వేధించారు. మూడు నెలల కింద వెంబ్లీలో యూరో ఫైనల్‌లో రెండు పెనాల్టీలు ఆపి దేశానికి కప్పు తెచ్చి, పోటీ ఉత్తమ ఆటగాడిగా నిలిచినవాడు అతను. ఆ రాత్రి ఇటలీ 2-1తో ఓడింది, 37 మ్యాచ్‌ల అజేయ పరంపర తెగిపోయింది. క్లబ్ కోపాన్ని దేశం మ్యాచ్‌లోకి తెచ్చినవాళ్లు ఆ ఓటమిలో తమ వంతు ఎంతో ఆలోచించుకోవాలి.

ఇంకో మాట కూడా మీతో చెప్పాలి. 2017లో ఆ నోట్లు పడకపోతే, ఆ బ్యానర్ విప్పకపోతే, 2021లో అతను ఉండిపోయేవాడేమో. కన్నీళ్లు పెట్టించిన చోట జీవితమంతా గడపాలని ఎవరు కోరుకుంటారు? అభిమానులు తమ నష్టాన్ని లెక్క వేసుకునేటప్పుడు ఈ పద్దును రాసుకోవడం నేను చూడలేదు.

ప్రశ్న: ఈ పగ ఎప్పటికైనా చల్లారుతుందా?

జవాబు: కొందరి విషయంలో చల్లారింది. మిలాన్ ఆటగాడు కకా 2009 జనవరిలో మాంచెస్టర్ సిటీ ఇవ్వజూపిన భారీ మొత్తాన్ని కాదని, ఇంటి కింద గుమిగూడిన అభిమానులకు కిటికీలోంచి మిలాన్ చొక్కా చూపించాడు. ఆ వేసవిలోనే సుమారు 6.7 కోట్ల యూరోలకు రియల్ మాడ్రిడ్‌కు వెళ్లాడు. అయినా 2013లో తిరిగి వచ్చినప్పుడు అక్కున చేర్చుకున్నారు. క్లబ్‌కు డబ్బు అవసరమని అందరికీ తెలుసు, వెళ్లే ముందు అతను ఒకసారి నిలబడ్డాడనీ తెలుసు.

కొందరి విషయంలో చల్లారలేదు. 2000లో బార్సిలోనా నుంచి రియల్ మాడ్రిడ్‌కు వెళ్లిన ఫిగో మీద, రెండేళ్లు దాటాక, 2002 నవంబర్‌లో కూడా నౌ క్యాంప్ గ్యాలరీ నుంచి సీసాలతోపాటు పంది తల వచ్చిపడింది. ఆట కాసేపు ఆపవలసి వచ్చింది. టాటెన్‌హామ్ కెప్టెన్‌గా ఉండి, 2001లో రుసుము లేకుండా పక్కనే ఉన్న ఆర్సెనల్‌కు వెళ్లిన సోల్ క్యాంప్‌బెల్‌ను ఆ క్లబ్ అభిమానులు ఇప్పటికీ క్షమించలేదు.

డొన్నరుమ్మ ఈ రెండు వర్గాలకూ మధ్య ఉన్నాడు. అతను మిలాన్ బద్ధశత్రువుకు ఆడలేదు, ఇటలీలో మరో క్లబ్‌కే ఆడలేదు. పారిస్‌తో 2025లో ఛాంపియన్స్ లీగ్ గెలిచి, అదే ఏడాది మాంచెస్టర్ సిటీకి మారాడు. గోల్‌కీపర్లు 38, 40 ఏళ్ల దాకా ఆడగలరు కాబట్టి అతనికి ఇంకా చాలా కాలం ఉంది. 2017లోనూ 2021లోనూ ఆ చర్చల్లో ఏం జరిగిందో, ఎవరు ఏం అడిగారో, తాను ఏం కోరుకున్నాడో సొంతంగా, పూర్తిగా చెబితే కొందరైనా వింటారని నా నమ్మకం. అతని తరఫున మాట్లాడిన రయోలా ఇప్పుడు లేడు గనుక ఆ గదిలో జరిగిన సంగతి ఆటగాడి వైపు నుంచి చెప్పగలిగినవాడు అతనొక్కడే. చెప్పినా దక్షిణ గ్యాలరీ మొత్తం మెత్తబడుతుందని అనుకోను. 16 ఏళ్ల కుర్రాడిగా అతన్ని సస్సువోలో మ్యాచ్‌లో చూసి లేచి నిలబడినవాళ్లు మాత్రం వింటారు.